నల్లరేగడి పెరట్లో టర్ఫ్ కోర్టు: గడ్డి కంటే ముందు నేల సంగతి

ప్రశ్న: మాది నరసరావుపేట శివారు. ఇంటి వెనక పెరడంతా నల్లరేగడి. మా పిల్లలు, మా అన్నయ్య పిల్లలు టెన్నిస్ బంతితో క్రికెట్, ఫుట్‌బాల్ ఆడుకోవడానికి 50 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పుతో కృత్రిమ గడ్డి కోర్టు వేయించాలనుకుంటున్నాము. పైమట్టి కొద్దిగా గీకి, 4 అంగుళాల కాంక్రీటు పోసి, దానిమీద టర్ఫ్ అంటిస్తే పది రోజుల్లో పని అయిపోతుందని కాంట్రాక్టరు చెబుతున్నాడు. ఇంటి చుట్టూ పోసిన గచ్చే మూడేళ్లకు పగిలిపోయిందని, ఈ నేలలో కాంక్రీటు నిలవదని మా బావగారు వాదిస్తున్నారు. కోర్టుకు పడమటి చివర 8 అడుగుల దూరంలో పెద్ద వేపచెట్టు ఉంది. దాన్ని కొట్టించేయమని కాంట్రాక్టరు సలహా. ఏప్రిల్‌లో మొదలుపెట్టి వేసవి సెలవులకు సిద్ధం చేయాలని మా కోరిక. ఏం చేయమంటారు? ఎలాంటి టర్ఫ్ తీసుకోవాలి?

సమాధానం: మీ బావగారి మాట వినండి. మీ గచ్చు ఎందుకు పగిలిందో అర్థం చేసుకుంటే కోర్టు ఎలా కట్టాలో సగం తెలిసిపోతుంది. నల్లరేగడిలో మోంట్‌మోరిల్లొనైట్ అనే బంకఖనిజం ఎక్కువగా ఉంటుంది. ఇది కంటికి కనిపించనంత పల్చని రేకుల దొంతర. వాన పడినప్పుడు నీరు రేకుల మధ్యకు చేరి వాటిని ఎడంగా జరుపుతుంది, ఎండాకాలంలో ఆ నీరు పోగానే రేకులు మళ్లీ దగ్గరపడతాయి. ఏప్రిల్ చివర మీ పెరట్లో వేళ్లు దూరేంత బీటలు కనిపించడానికీ, జూలైలో అవే బీటలు మూసుకుపోయి నేల పైకి లేవడానికీ కారణం ఇదొక్కటే. గచ్చు పోసిన తరవాత దాని కింది మట్టిలోంచి నీరు ఆవిరయ్యే దారి మూసుకుపోతుంది కాబట్టి నడిమి భాగం ఏడాది పొడవునా చెమ్మగా ఉండిపోతుంది, అంచుల కింద మట్టి మాత్రం ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ లేస్తూ దిగుతూ ఉంటుంది. ఈ రెండు కదలికల మధ్య పడి గచ్చు విరుగుతుంది.

నాలుగు అంగుళాల కాంక్రీటు బరువు చదరపు అడుగుకు సుమారు 23 కిలోలు. ఉబ్బే నల్లరేగడి పైకి తోసే ఒత్తిడి చాలా చోట్ల చదరపు అడుగుకు కొన్ని వందల కిలోలు ఉంటుంది. అంత పలుచని పలకను ఈ నేల ఎత్తలేదనుకోవడానికి ఆధారమేమీ లేదు. పైగా కాంక్రీటు ఒకసారి విరిగి మెట్టు పడితే, దానిమీద జిగురుతో అంటించిన టర్ఫ్‌ను చింపకుండా సరిచేసే వీలు ఉండదు, ఆ మెట్టు దగ్గరే పిల్లల చీలమండలు బెణుకుతాయి. అందువల్ల మీకు నా సలహా, కాంక్రీటు పలక వద్దు. కంకరతో, గట్టిగా కుదించిన గ్రావెల్‌తో కట్టిన బేస్ కావాలి. నేల కొద్దిగా కదిలినా ఆ బేస్ విరగదు. ఎక్కడ దిగిందో అక్కడ టర్ఫ్ ఎత్తి నాలుగు తట్టల క్రషర్ డస్ట్ (కంకర మిల్లులో వచ్చే రాతిపొడి) పోసి మళ్లీ మట్టం చేసుకోవచ్చు.

ఒక విషయం ముందే చెప్పాలి. ఏం చేసినా నల్లరేగడి కదలికను పూర్తిగా ఆపలేము. వానకూ ఎండకూ స్పందించే మట్టి మన ప్రాంతాల్లో మూడు, మూడున్నర మీటర్ల లోతు వరకు ఉండవచ్చు, అందుకే ఈ నేలల్లో ఇళ్లకు వేసే అండర్ రీమ్డ్ పైల్స్‌ను (అడుగున గుమ్మటంలా వెడల్పు చేసిన కాంక్రీటు పునాది స్తంభాలను) కనీసం మూడున్నర మీటర్ల లోతుకు దించుతారు. పెరట్లో ఆటస్థలం కోసం అంత లోతు తవ్వడం అర్థం లేని ఖర్చు. మనం చేయగలిగింది, చేయవలసింది, కోర్టు కింది మట్టిలో చెమ్మ ఏడాది పొడవునా దాదాపు ఒకేలా ఉండేట్టు చూడడం. నేను చెప్పబోయే ప్రతి పనికీ గురి అదే.

ముందు చెట్టు సంగతి తేల్చుకుందాం, కోర్టు కొలతలు దానిమీదే ఆధారపడి ఉన్నాయి. వేపచెట్టును దయచేసి కొట్టించకండి. నీడ, గాలి సంగతి అటుంచి, నేల లెక్కలో కూడా అది తప్పు. అంత పెద్ద చెట్టు వేళ్లు చాలా ఏళ్లుగా చుట్టూ ఉన్న మట్టిలోని నీటిని పీలుస్తూ ఆ మట్టిని పొడిగా, కుంచించుకుపోయిన స్థితిలో ఉంచాయి. చెట్టు పోయిన తరవాత ఆ మట్టి మెల్లమెల్లగా నీరు తాగి ఉబ్బడం మొదలుపెడుతుంది, ఈ ఉబ్బు ఒక వానాకాలంతో ఆగదు, కొన్నేళ్లపాటు సాగుతుంది. చెట్టు కొట్టిన మరుసటి నెలలో దాని పక్కన కోర్టు కట్టడమంటే పైకి లేవబోయే నేలమీద కట్టడమే. అలాగని చెట్టుకు 8 అడుగుల దూరంలో కట్టినా వేసవిలో ఆ మూల దిగిపోతుంది. పెద్ద చెట్టుకు దాని ఎత్తంత దూరంలో ఉండడం మంచి నియమం. మీ పెరట్లో అంత చోటు లేదు కాబట్టి మధ్యేమార్గంగా కోర్టు పొడవు 10 అడుగులు తగ్గించి, 40 అడుగులకు 25 అడుగులు చేయండి. చెట్టుకూ కోర్టుకూ మధ్య 18 అడుగులు వస్తాయి. క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు, అంటే 66 అడుగులు. అది మీ 50 అడుగుల్లో ఎలాగూ పట్టదు, కాబట్టి పిల్లలు పోగొట్టుకునేదేమీ లేదు. చెట్టు పడమర ఉండడం మీ అదృష్టం కూడా, కృత్రిమ గడ్డి బాగా కాగి ఉండే సాయంకాలపు ఎండలో దాని నీడ కోర్టుమీద పడుతుంది.

తరవాత మీ మట్టి ఎంత ఉబ్బుతుందో చూడండి. గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో ఒక వీధికీ పక్క వీధికీ మట్టి మారుతుంది. కోర్టు వచ్చే చోట రెండు మూలల్లో మూడేసి అడుగుల గుంతలు తవ్వించి, ఎంత లోతువరకు నల్లమట్టి ఉందో, ఏ లోతువరకు బీటలు దిగాయో కళ్లారా చూడండి. అడుగున్నర లోతులోనే సుద్దమట్టి, గట్టి గ్రావెల్ తగిలితే మీ పని సగం తేలిక. అందులోంచి ఒక కిలో మట్టి తీసి సివిల్ ఇంజనీరింగ్ ల్యాబ్ ఉన్న కాలేజీకి గానీ, మట్టి పరీక్షలు చేసే ప్రైవేటు ల్యాబుకు గానీ ఇచ్చి ‘ఫ్రీ స్వెల్ ఇండెక్స్’ అడగండి. పరీక్ష చిన్నదే. ఎండబెట్టి 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన మట్టిని 10 గ్రాముల చొప్పున రెండు గాజు జాడీల్లో పోసి, ఒకదానిలో కిరోసిన్, మరొకదానిలో డిస్టిల్డ్ వాటర్ నింపి ఒక రోజు కదపకుండా ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. కిరోసిన్ జాడీలో మట్టి 10 మిల్లీలీటర్ల గీత దగ్గర, నీళ్ల జాడీలో 18 దగ్గర తేరితే ఉబ్బు 80 శాతం అన్నమాట. 50 లోపు ఉంటే నేల సాధువు, 50 నుంచి 100 మధ్య ఉంటే జాగ్రత్త పడాలి, 100 దాటితే నేను కింద చెప్పే పనుల్లో ఒక్కటీ వదలకూడదు. 200 పైన వస్తే ఆ చోట కోర్టు ఆలోచన మానుకోమనే చెబుతాను.

ఇప్పుడు మీ కాంట్రాక్టరు ప్రస్తావించనే లేని విషయం: నీరు ఎటు పోతుంది? 40 అడుగులకు 25 అడుగుల కోర్టు అంటే 1,000 చదరపు అడుగులు. ఒక గట్టి వానకు 50 మిల్లీమీటర్లు కురిసిందనుకుంటే దానిమీద 4,600 లీటర్ల నీరు పడుతుంది, దాదాపు ఒక ట్యాంకరు నీళ్లు. ఇసుకనేలలో కట్టేవాళ్లు ఈ నీటిని టర్ఫ్ గుండా కిందికి వదిలేస్తారు, నేల తాగేస్తుంది. ఆ పద్ధతిని నల్లరేగడిలో అలాగే పాటిస్తే ముప్పు వస్తుంది. బంకమట్టిలో గొయ్యి తవ్వి కంకర నింపడమంటే నీళ్ల తొట్టి కట్టడమే. గొయ్యిలో చేరిన నీరు పక్కలకు పోదు, కిందికి ఇంకడానికి రోజులు పడుతుంది, అన్ని రోజులూ కింది మట్టి ఉబ్బుతూనే ఉంటుంది.

అందువల్ల ఒక మేస్త్రీని పిలిచి, తాపీ పనివాళ్లు వాడే నీళ్ల ట్యూబుతో మట్టం చూపించుకోండి. పారదర్శకమైన సన్నటి గొట్టంలో గాలి బుడగలు లేకుండా నీళ్లు నింపి, ఒక కొస పెరట్లో కర్రకు ఆనించి, రెండో కొస వీధి కాలువ దగ్గర పట్టుకుంటే రెండు కొసల్లోనూ నీరు ఒకే ఎత్తున నిలబడుతుంది. అక్కడ ఆ నీటిమట్టం నుంచి కాలువ అడుగు వరకు, ఇక్కడ పెరటి నేల వరకు టేపుతో కొలిస్తే తేడా అంగుళాల్లో తెలిసిపోతుంది. అరగంట పని. కాలువ అడుగు మీ పెరటి నేలకంటే కనీసం అడుగు కిందికి ఉంటే మంచిది. పెరడే పల్లమైతే, చాలా పాత ఇళ్లలో రోడ్లు ఎత్తు పెరిగి ఇలాగే ఉంటుంది, గొయ్యి తవ్వే పద్ధతి మీకు పనికిరాదు. నిజానికి నల్లరేగడిలో ఎవరికైనా నేను చెప్పేది, తక్కువ తవ్వి ఎక్కువ ఎత్తు పెంచుకోమనే.

పని ఎప్పుడు చేయాలన్నది కూడా అంతే ముఖ్యం. ఏప్రిల్‌లో మొదలుపెట్టకండి. ఆ నెలలో నేల అన్నింటికంటే ఎక్కువగా ఎండి, కుంచించుకుని ఉంటుంది. ఆ స్థితిలో రోలర్ తిప్పి కట్టిన బేస్ కింద జూన్ వానలకు మట్టి ఉబ్బితే, పైనున్నదంతా పైకి లేస్తుంది. పొడిగా ఉన్న బంకమట్టిని ఎంత గట్టిగా కుదిస్తే తరవాత అంత ఎక్కువగా ఉబ్బుతుంది, గట్టిగా తొక్కిస్తే చాలుననుకునే వాళ్లకు ఈ సంగతి తెలియదు. వానాకాలం మధ్యలో పని పెడితే జేసీబీ దిగబడి నేల బురదబురద అవుతుంది. పల్నాడులో సరైన కాలం కార్తీకం దాటిన తరవాత, డిసెంబరు, జనవరి నెలలు. అప్పటికి మట్టిలో చెమ్మ మధ్యస్థంగా ఉంటుంది. గుప్పెడు మట్టి తీసి పిసికితే ముద్ద కట్టాలి, చేతికి అంటుకోకూడదు. ఏప్రిల్‌లో గొయ్యి తవ్వి రెండు వారాలు నీళ్లు నిలిపి మట్టిని ముందుగానే ఉబ్బించే పద్ధతి ఒకటి ఉంది కానీ, వేసవిలో నీళ్లకు కటకటలాడే ఊళ్లో ఆ పని చేయమని చెప్పడానికి నాకు మనసొప్పదు.

ఇక బేస్ సంగతి. కోర్టు కొలతకంటే చుట్టూ రెండేసి అడుగులు ఎక్కువగా, అంటే 44 అడుగులకు 29 అడుగుల చోటు గుర్తుపెట్టి, వేళ్లు, గడ్డి, చెత్త కలిసిన పై 6 అంగుళాల మట్టిని తీసేయించండి. తవ్విన అడుగు భాగం కూడా ఇంటి వైపు నుంచి అవతలి వైపుకు వాటంగా ఉండాలి. ఇంటి పునాదికి ఐదడుగుల లోపు ఎక్కడా తవ్వనివ్వకండి. ఆ కింద మిగిలిన నల్లమట్టిలో మరో 6 అంగుళాల మందాన్ని సున్నంతో స్థిరపరచాలి. సున్నంలోని కాల్షియం బంకఖనిజపు రేకులమీద ఉన్న సోడియం వంటి వాటి స్థానంలోకి చేరి, మట్టికి నీరు పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది, జిగురు మట్టి ఒకటి రెండు రోజుల్లోనే పొడిపొడిగా మారడం మీకే తెలుస్తుంది. పొడి మట్టి బరువులో 4 శాతం సున్నం అనుకుంటే చదరపు అడుగుకు దాదాపు 900 గ్రాములు, మొత్తం చోటుకు 1,150 కిలోలు కావాలి. సున్నానికి మీరు దూరం పోనక్కరలేదు, సున్నం బట్టీలకు పేరుపడిన పిడుగురాళ్ల మీ జిల్లాలోనే ఉంది. అయితే రాతి సున్నం వద్దు, చల్లార్చిన పొడి సున్నమే తెప్పించండి. దాన్ని సమంగా చల్లి, ట్రాక్టరుకు రోటావేటర్ కట్టి రెండు మూడు సాళ్లు కలియదున్నించి, నీళ్లు చిలకరించి ఒక రోజు మగ్గనిచ్చి, మళ్లీ కలిపి, ఆ తరవాత చిన్న రోలర్‌తో తొక్కించాలి. సున్నం పొడి కళ్లలో పడితే చూపుకే ప్రమాదం. పనివాళ్లందరికీ కళ్లద్దాలు, మాస్కులు, చేతితొడుగులు మీరే కొనివ్వండి, ఆ రెండు రోజులూ పిల్లలను పెరటి గుమ్మం దాటనివ్వకండి, గాలి ఎక్కువగా ఉన్న పూట సున్నం చల్లించకండి.

దానిమీద 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల బరువున్న) నాన్ వోవెన్, అంటే నేయని, జియోటెక్స్‌టైల్ పరచాలి. దళసరి కంబళిలా ఉండే ఈ గుడ్డ పైనున్న గ్రావెల్ కిందికి, కింది బంక పైకి చేరకుండా ఆపుతుంది. దీనిపైన 9 అంగుళాల ఎర్ర గ్రావెల్, రెండు పొరలుగా. ఎర్ర గ్రావెల్‌ను ఎంచుకోవడంలో మీరు స్వయంగా నిలబడాలి. మనకు కావలసింది ఉబ్బని, కానీ కొద్దిగా పట్టు ఉన్న మట్టి. నల్లరేగడిమీద ఇలాంటి మట్టి పొర వేస్తే కింది ఉబ్బు అణుగుతుందని ఐఐటీ బాంబేలో ఆచార్య ఆర్. కె. కట్టి చేసిన పరిశోధనలు చూపించాయి, నల్లరేగడిలో తవ్విన కాలువల లైనింగ్ కింద ఈ పద్ధతినే వాడతారు. ఒట్టి ఇసుక వేస్తే ఆ లాభం రాదు, పైగా నీటిని కిందికి దించుతుంది. లారీలో వచ్చిన గ్రావెల్‌లో నల్లమట్టి పెళ్లలు కలిసి ఉంటే దింపుకోకుండా వెనక్కి పంపండి. కుదించిన తరవాత 9 అంగుళాలు నిలవాలంటే సుమారు 12 యూనిట్లు, అంటే 1,200 ఘనపుటడుగులు తెప్పించుకోవాలి. ప్రతి పొరనూ నీళ్లు చల్లి రోలర్‌తోనూ, రోలర్ అందని మూలల్లో ప్లేట్ కంపాక్టర్‌తోనూ (అదురుతూ నేలను అణచే పలక యంత్రంతోనూ) అణచాలి. ఈ గ్రావెల్ పైమట్టం ఇంటి వైపు నుంచి అవతలి వైపుకు నూటికి ఒకటి వాటంతో, 25 అడుగుల వెడల్పుకు 3 అంగుళాలు దిగేలా ఉండాలి. ఆటలో ఆ వాటం తెలియదు, నీరు మాత్రం ఆగదు.

ఆ వాటం మీద, రైతులు పంట కుంటల్లో పరిచే 500 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటు పరచండి. మీ కోర్టును నిలబెట్టే వస్తువు ఏదని అడిగితే నేను ఈ షీటునే చూపిస్తాను. టర్ఫ్ గుండా దిగిన నీరు నల్లమట్టిని చేరకుండా ఇక్కడే ఆగి, వాటం వెంట పక్కకు పారుతుంది. షీటు కోర్టు హద్దుకు చుట్టూ రెండడుగులు దాటాలి. మీ పరీక్షలో ఉబ్బు 100 దాటి ఉంటే, ఆ రెండడుగుల చివర మూడడుగుల లోతు సన్నటి కందకం తీసి, షీటు అంచును దాని గోడ వెంట కిందికి దింపి గ్రావెల్‌తో పూడ్చండి. పక్క మట్టి ఎండినా తడిసినా ఆ ప్రభావం కోర్టు కిందికి పాకకుండా ఈ తెర అడ్డుపడుతుంది, వేప వేళ్లను కూడా కొంతవరకు ఆపుతుంది. అమెరికాలో టెక్సస్ నల్లనేలలమీద వేసిన రహదారులకు ఇలాంటి నిలువు తెరలు వాడారు. డాలస్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్న మన వాళ్లను అడిగితే, వేసవిలో పునాది చుట్టూ చెమ్మ తగ్గకుండా చిల్లుల గొట్టాలతో నీళ్లు పెడతామని చెబుతారు. అక్కడి బంకనేలదీ ఇదే స్వభావం.

షీటు చిరగకుండా దానిపై మరో వరస జియోటెక్స్‌టైల్ పరచి, 5 అంగుళాల మందాన 20 ఎంఎం, 12 ఎంఎం కంకర కలిపి పోసి అణచండి. పల్లపు అంచు వెంట, ఆ కంకరలోనే, చిల్లులు పెట్టిన 4 అంగుళాల పీవీసీ పైపును గుడ్డ చుట్టి వేసి వీధి కాలువకు కలపండి, పైపుకు కూడా కాలువ వైపుకు వాటం ఉండాలి. చివరగా ఒక అంగుళం 6 ఎంఎం చిప్స్, క్రషర్ డస్ట్ కలిపిన పొర. మొత్తం లెక్క చూస్తే కోర్టు పైభాగం పెరటి నేలకంటే సుమారు 9 అంగుళాల ఎత్తున వస్తుంది, డ్రెయిన్ పైపు నేలమట్టానికి పైనే ఉంటుంది కాబట్టి నీరు తేలిగ్గా బయటికి పోతుంది. ఎత్తు పెంచినప్పుడు మరిచిపోకూడనిది ఒకటుంది. డాబా మీది నీళ్లు, ఇంటి వైపు వాన నీళ్లు ఇప్పటిదాకా ఏ దారిన పోతున్నాయో ఆ దారికి కోర్టు అడ్డుకట్ట కాకూడదు. ఇంటికీ కోర్టుకూ మధ్య ఒక సిమెంటు కాలువ తీయించి ఆ నీటిని విడిగా పంపండి. బట్టలుతికే కుళాయి, ఏసీ నీరు, ఇంకుడు గుంత, సెప్టిక్ ట్యాంకు పొంగు, వీటిలో ఏదీ కోర్టు అంచుకు చేరకూడదు.

పైపొర మట్టం సరిగా వచ్చిందో లేదో మూడు మీటర్ల అల్యూమినియం పట్టీ పెట్టి చూడండి. పట్టీ కింద ఎక్కడా 10 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ సందు కనబడకూడదు. పట్టీని పొడవునా, అడ్డంగా, మూలకూ మూలకూ తిప్పి చూడాలి. ఈ దశలో పది రూపాయలతో పోయే లోపం టర్ఫ్ వేశాక వెయ్యి రూపాయలకూ పోదు.

ఇక్కడ మీకు, ముఖ్యంగా పిల్లలకు, కష్టంగా తోచే మాట చెప్పాలి. బేస్ డిసెంబరులో పూర్తయినా వెంటనే టర్ఫ్ వేయకండి. ఒక వానాకాలం దానిమీదుగా గడవనివ్వండి. క్రషర్ డస్ట్ పొరమీద టెన్నిస్ బంతి చక్కగా లేస్తుంది, పిల్లలు ఆ సంక్రాంతి నుంచే ఆడుకోవచ్చు, మోకాళ్లు కొద్దిగా గీరుకుపోవడం తప్ప ఇబ్బంది లేదు. ఆ ఏడాది దీపావళి తరవాత మళ్లీ పట్టీ పెట్టి చూసి, దిగిన చోట డస్ట్ పోసి, లేచిన చోట గీకి, అప్పుడు టర్ఫ్ పరిస్తే అది చాలా ఏళ్లు నిలుస్తుంది. నేల తన కదలికను ఒకసారి మనకు చూపించే అవకాశం ఇవ్వాలి.

టర్ఫ్ గురించి తక్కువ చెబుతాను, ఎందుకంటే బేస్ సరిగా ఉంటే మధ్యరకం టర్ఫ్ కూడా బాగానే ఉంటుంది. పాలిథిలీన్ పోగులతో, కిందివైపు నీరు దిగే రంధ్రాలున్నది, 30 నుంచి 40 మిల్లీమీటర్ల పొడవున్నది తీసుకోండి. చిన్నపిల్లలు పడతారు కాబట్టి దాని కింద 10 మిల్లీమీటర్ల షాక్ ప్యాడ్ (పడినప్పుడు దెబ్బను తగ్గించే మెత్తటి పొర) వేయించండి, రంగుల్లో, గీతల్లో మిగుల్చుకుని అయినా సరే. రోల్స్ అన్నిటి పోగులూ ఒకే దిశకు వాలి ఉండాలి. అతుకుల కింద టేపు వేసి పాలియురెథేన్ జిగురుతో అంటించాలి, కానీ టర్ఫ్‌ను బేస్‌కు అంటించకూడదు. పోగుల మధ్య నింపడానికి కడిగి ఎండబెట్టిన గుండ్రటి సిలికా ఇసుక చాలు. పాత టైర్లను తురిమిన నల్ల రబ్బరు గుళికలు మీ పెరట్లోకి రానివ్వకండి. అవి ఎండకు మరింత కాగుతాయి, వాన నీటితో కాలువలోకి కొట్టుకుపోతాయి. మైక్రోప్లాస్టిక్ కాలుష్యం కారణంగా యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన నిబంధన ప్రకారం అక్కడ ఇలాంటి గుళికల అమ్మకం 2031 నాటికి ఆగిపోతుంది. ఏ టర్ఫ్ అయినా మన ఎండలో మధ్యాహ్నం పూట ఒట్టి పాదం పెట్టలేనంత కాగుతుంది. నీళ్లు చల్లితే కాసేపే చల్లబడుతుంది, మార్చి నుంచి జూన్ వరకు పొద్దున్నే, సాయంత్రం చెట్టు నీడ పడ్డాకే ఆట పెట్టుకోవాలి.

అంచులకు ఇటుక గోడ కట్టకండి, అదీ గచ్చులాగే పగులుతుంది. గ్రావెల్ మీద నిలబెట్టిన కెర్బ్ రాళ్లు చాలు. వాటికి బయట రెండడుగుల వెడల్పున, షీటు పైన, సిమెంటు లేకుండా పల్నాడు నాపరాళ్లు పరిస్తే అవి నేలతోపాటు కదులుతాయి, పగలవు. నెట్ స్తంభాలను కెర్బ్‌కు గానీ కోర్టు బేస్‌కు గానీ కలపకుండా, షీటుకు బయట విడిగా, ఆగర్‌తో (నేలలో గుంత తొలిచే బర్మాతో) ఐదారు అడుగుల లోతు గుంతలు తీసి నిలబెట్టించండి. లోతు తక్కువైతే నేల కదలికకు స్తంభాలు వాలతాయి, ఈదురుగాలికి నెట్ తెరచాపలా లాగుతుంది.

కాంట్రాక్టరుతో తగువు పెట్టుకోనక్కరలేదు, టర్ఫ్ అతికించడంలో అతని చేయి మంచిదే కావచ్చు. బేస్ పనిని విడిగా, రోడ్డు పనులు తెలిసిన వారికి అప్పగించి, టర్ఫ్ మాత్రమే అతనికి ఇవ్వండి. మీరు పెట్టే ప్రతి మూడు రూపాయల్లో రెండు రూపాయలు టర్ఫ్ కిందికి పోయినా బాధపడకండి. బేస్ ఒప్పందంలో ప్రతి పొర మందం అంగుళాల్లో రాయించుకోండి, ఒక పొర మీరు కొలిచి చూసి ఒప్పుకున్న తరవాతే పై పొర వేయాలని షరతు పెట్టండి. మొత్తంలో పదో వంతు డబ్బును మొదటి వానాకాలం గడిచి, మళ్లీ పట్టీ పెట్టి చూసే దాకా మీ దగ్గరే ఉంచుకోండి.